వేడెక్కాక పట్టుకెళ్ళు

దాసన్నపేట దాటి రింగురోడ్డెక్కే మలుపులో
మా షెడ్డుకి బోర్డు లేదు.
సైలెన్సర్ తవుడు అంటే చూపిస్తారు.

మూడేళ్ళ కిందట ఈ కారుని కోసింది నేనే.
బ్యాండుమేళంలో ట్రంపెట్ ఊదే ముత్యాలు
పాత ఎస్టీమ్ తెచ్చి, బానెట్ మీద చెయ్యేసి
"దీని గొంతు ఇప్పరా" అన్నాడు.
విప్పాను.
పొట్ట కింద వేలాడే ఇనప డబ్బాని
గ్రైండరుతో రెండే రెండు కోతల్లో ఊడదీసి
రెండంగుళాల గొట్టం తిన్నగా అతికేశాను.
మూడు లాంతర్ల దగ్గర, నాలుగో గేర్లో
"పంచమం పలుకుతోందిరా" అని
అర్ధరాత్రి ఫోన్లో వినిపించాడు.
నాకు పంచమం తెలీదు.
ఆ డబ్బా తూకానికి వేస్తే
ఆ నెల కరెంటు బిల్లు కట్టగా మిగిలిందెంతో తెలుసు.

ఇప్పుడు కాగితం కావాలి.
బండికి పదిహేనేళ్ళు నిండాయి.
పెట్రోలు బంకు పక్కన పొగ వ్యాన్లో
పైడితల్లి గొట్టంలో గొట్టం పెట్టి
స్క్రీను మా వైపు తిప్పింది.
ఒకటి పాయింటు తొమ్మిది.
సున్నా పాయింటు అయిదు దాటకూడదు.
"ఇంజను బాగానే ఉందన్నా,
మధ్యలో ఏదో లేదు" అంది.
ఏది లేదో నేను చెప్పలేదు.
ముత్యాలు నా మొహం చూడలేదు.

విశాఖలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను.
మొదట దొరికిన డబ్బా చేతికి తేలిగ్గా ఉంది.
ఎండకెత్తి, ఓ కన్ను మూసి చూస్తే
అటుపక్క ఆకాశం ఒకటే ముక్క.
లోపలి గుజ్జంతా ఎవడో గోకేసుకున్నాడు,
నాలాంటోడే.

రెండోది బరువు.
ఎత్తి చూస్తే
ఆకాశం వెయ్యి గళ్ళయి వచ్చింది.
మా అమ్మ చోళ్ళపిండి జల్లెడకి కూడా
అంత సన్నం కన్నాల్లేవు.
నాకు ముందు పుట్టిన ఇద్దరూ పోతే
నన్ను చాటలో పొరుగామెకిచ్చేసి
తవుడు కొలిచి తిరిగి కొనుక్కుందట.
జల్లెడలో మిగిలిపోయేదాని పేరు నాది.
ఆ డబ్బాని అలాగే పట్టుకుని
కాసేపు నించుండిపోయాను. కొట్టువాడు
బేరం ఆడుతున్నాననుకుని వంద తగ్గించాడు.

వెనకెక్కడో బిగిస్తే వేడి అందదు.
ఇంజనుకి దగ్గరగా, నాలుగు గొట్టాలూ
ఒకటయ్యే చోటే కోసి, పళ్ళేలు పెట్టి,
బోల్టులు బిగించి, కీళ్ళ చుట్టూ వెల్డింగు.
ముత్యాలు గొంతుక్కూచుని చూస్తున్నాడు.
స్టార్టు చేశాను.
చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు.
"మ్యూట్ ఎట్టేసినావు.
అప్పగింతలప్పుడు మేం ట్రంపెట్టు మూతికి
ఎడతాం సూడు, అలాగ."

"ఇప్పుడే పట్టుకెళ్ళకు," అన్నాను.
"చల్లగా ఉంటే ఇది పని చెయ్యదు.
ఒళ్ళు కాగితేనే పొగ తింటుంది.
నెల్లిమర్ల దాకా పోయొద్దాం. ఇంజను ఆపకు."

రైల్వే గేటు పడింది. ఆపలేదు.
జూట్ మిల్లు గోడ పక్కనే, గూడ్సు
ఒక్కో పెట్టే లెక్కపెట్టుకుంటూ పోయింది.
మా నాన్న ఇరవై ఆరేళ్ళు
ఆ గోడ లోపలి పీచు పీల్చాడు.
ఆయనకి జల్లెడ తువ్వాలే.
సాయంత్రం అది దులిపితే
గుమ్మంలో బంగారు రంగు పొడి పడేది,
నేను వేలితో అందులో బొమ్మలేసేవాణ్ణి.
ముత్యాలుకి ఇవేమీ చెప్పలేదు.
ఏక్సిలేటర్ కొంచెం తొక్కి పట్టమన్నాను.

సున్నా పాయింటు మూడు ఒకటి.
పైడితల్లి కాగితం తీసి ఇస్తూ
"ఏం చేశావన్నా?" అంది.
"తీసింది పెట్టాను."
ఆమె వ్యాన్ వెనక జనరేటరు
నల్లగా, ధారగా పొగ వదుల్తోంది.
దాన్ని పట్టి చూసే గొట్టం ఏ వ్యాన్లోనూ లేదు.

షెడ్డుకొచ్చి, అయిదొందలు తగ్గించి ఇచ్చి,
మూలనున్న ఆ బోలు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు ముత్యాలు.
తుప్పు తుడిచి, పెదాలు ఆన్చి,
బుగ్గలు నింపి ఊదాడు.

కుక్క లేచి
పక్క షెడ్డులోకి వెళ్ళి పడుకుంది.